డ్రిల్లు మాస్టారి ఫుట్‌బాల్

సయ్యద్ అబ్దుల్ రహీం గురించి ఎవరు రాసినా పతకాలతో మొదలుపెడతారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్ళీ స్వర్ణం. భారత ఫుట్‌బాల్‌లో ఇంతకు మించిన లెక్క మరే కోచ్‌కూ లేదు కనుక అలా మొదలుపెట్టడంలో తప్పు లేదు. అయితే కథను అక్కడే ఆపేస్తే ఆయన మంత్రగాడిగా మిగిలిపోతారు. మంత్రగాడు పోయాడు, మంత్రమూ పోయింది, ఇక చేసేదేముంది అని నిట్టూర్చి ఊరుకుంటాం. నా వాదన వేరు. పతకాల కన్నా పెద్ద పని రహీం సాబ్ ఒకటి చేశారు. ఆట నేర్పడాన్ని ఒక వృత్తిగా నిలబెట్టారు, ఒకరి నుంచి ఒకరికి అందే విద్యగా తీర్చారు. ఆ పనికి పునాది జాతీయ శిబిరాల్లో కన్నా ముందు బడి మైదానంలో పడింది. ఈ సంగతి హైదరాబాద్‌లో నిలబడి చూసినదాని కన్నా దూరంగా, రేణిగుంట నుంచి పుత్తూరుకు పోయే దారిలో ఉన్న వడమాలపేట లాంటి చోట నుంచి చూసినప్పుడు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ కప్పులు లేవు, పెద్ద క్లబ్బులు లేవు, అద్దాల బీరువాల్లో దాచుకున్న పాత ఫొటోలు లేవు. బడి, పిల్లలు, వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నారు. రహీం పని మొదలుపెట్టిన రోజున ఆయన చేతిలో ఉన్నదీ దాదాపు అంతే.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. స్థానిక లీగులో పేరున్న ఖమర్ క్లబ్బుకూ, ఉస్మానియా విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ కలిసి నడుపుకున్న ఎలెవన్ హంటర్స్ జట్టుకూ ఆడారు. బాగానే ఆడేవారు, కానీ దేశం గుర్తుపెట్టుకున్న ఆటగాళ్ళ వరుసలో ఆయన పేరు లేదు. బతుకుతెరువు పంతులుగిరీ. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు లాంటి బడుల్లో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. 1940ల తొలినాళ్ళలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, 1963లో చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆటగాడు, పంతులు, సంఘం కార్యదర్శి, కోచ్ అనే ఈ నాలుగు పనుల్లో మనం చివరిదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. మిగతా మూడూ లేకుండా ఆ నాలుగోది నిలిచేది కాదు. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ కోచ్ అనే ఉద్యోగానికి ఒక రూపం ఏర్పడలేదు. జట్టును కెప్టెనో, క్లబ్బులోని పెద్దమనిషో నడిపేవారు. ఆట నేర్చుకోవడం అంటే బాగా ఆడేవాడి వెనక తిరగడమే. పంతులుకు మాత్రం పుట్టుకతో వచ్చిన నేర్పును నమ్ముకుని కూర్చునే వెసులుబాటు ఉండదు. తరగతిలో నలభై మంది ఉంటారు, ఒకడికి లెక్క తలకెక్కుతుంది, ఒకడికి ఎక్కదు, ఎక్కనివాడికి ఎలా ఎక్కించాలన్నదే అతని రోజువారీ సమస్య. రహీం ఫుట్‌బాల్‌లోకి తీసుకొచ్చిన చూపు ఇదే.

మన వైపు, అంటే పాత మద్రాసు రాజధానిలో భాగమైన చిత్తూరు జిల్లా వైపు, వ్యాయామ విద్య మరో దారిలో వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. ఆసియాలో ఆ తరహా కళాశాలల్లో మొదటిది అదేనంటారు. మద్రాసు రాజధాని బడులకు శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టర్లను తయారుచేసిన చోటు అది. వాలీబాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటలు ఈ దేశంలో వేళ్ళూనడంలో వైఎంసీఏ వాళ్ళ పాత్ర పెద్దది. రాయలసీమ దక్షిణపు ఊళ్ళలో ఇప్పటికీ కబడ్డీ పక్కన వాలీబాల్ నెట్టు కనిపించడానికి అదొక కారణం అనుకుంటాను. వాలీబాల్‌కు కాస్త చదునైన నేల, రెండు గుంజలు చాలు, ఫుట్‌బాల్‌కు విశాలమైన నేల కావాలి. హైదరాబాద్‌లో ఆ నేల దండు మైదానాల రూపంలో, విశ్వవిద్యాలయ ప్రాంగణాల రూపంలో ఉంది. కనుక రెండు చోట్లా డ్రిల్లు మాస్టర్లు ఉన్నారు, ఆటలే వేరయ్యాయి. ఈ తేడాను ఆంధ్రుల, తెలంగాణుల స్వభావాల తేడాగా చెప్పేవాళ్ళున్నారు. ఆ వివరణలో నాకు పస కనిపించదు. ఏ ఆటకు ఎవరు గురువులను తయారుచేశారు, ఏ ఆటకు ఎక్కడ నేల దొరికింది అని చూస్తే చాలు.

రహీం పద్ధతిలో అన్నిటికన్నా తెలివైనవి ఆయన పిల్లలకూ కుర్రాళ్ళకూ పెట్టిన వింత పోటీలు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి, అట్టేపెట్టుకుని ఎదుటివాణ్ని తప్పించే ప్రయత్నం చేయకూడదు. ఇంకో పోటీలో బలమైన కాలు వాడకూడదు, కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే తన్నాలి. చిన్న మైదానంలో తక్కువ మందితో ఆడించే పోటీలూ ఉండేవి. వీటిని వినోదం అనుకుంటే పొరపాటు. అప్పటి భారత ఫుట్‌బాల్‌లో గొప్ప ఆటగాడంటే బంతిని కాలికి అంటించుకుని నలుగురిని దాటేసేవాడు, ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది వాడికే. ఆ అలవాటు మానుకోమని పదిహేనేళ్ళ కుర్రాడికి ఎంత చెప్పినా ఎక్కదు. నియమం మార్చేస్తే చెప్పాల్సిన పని ఉండదు. బంతి ఆపుకునే వీలు లేదు కనుక బంతి రాకముందే తల ఎత్తి తనవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి, తన దగ్గర బంతి లేనప్పుడు ఖాళీ చోటుకు పరిగెత్తాలి, లేకపోతే ఆట సాగదు. ఎడమకాలి పోటీ సంగతీ అంతే. గెలవాలన్న పంతం ఉన్న కుర్రాడు పోటీకి నెల ముందు నుంచే గోడకేసి ఎడమ కాలితో తన్నుకుంటూ కూర్చుంటాడు. మాస్టారు పక్కన లేకపోయినా సాధన జరిగిపోతుంది. ఒక్కొక్కరికీ విడిగా నేర్పే తీరిక లేని పంతులు, నేర్పే భారాన్ని నియమం మీదికి మార్చిన ఉపాయం ఇది. జాతీయ జట్టు కోచ్‌గా ఆయన చేసిన ఏ వ్యూహం కన్నా నేను దీన్నే పైన పెడతాను. వ్యూహానికి పదకొండు మంది మేటి ఆటగాళ్ళు కావాలి, దీనికి ఏ బడి అయినా చాలు.

బడిలో తయారైన కుర్రాడికి తర్వాతి మెట్టు ఏమిటన్న ప్రశ్న ఎక్కడైనా వస్తుంది. హైదరాబాద్‌లో దానికి జవాబు పోలీసు శాఖ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1943లోనే బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో, ఇంగ్లండ్ క్రికెటర్, ఫుట్‌బాలర్ డెనిస్ కాంప్టన్ ఆడిన రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి దేశం దృష్టిలో పడింది. శివకుమార్ లాల్ లాంటి పోలీసు అధికారుల అండ, రహీం శిక్షణ కలిశాక ఆ జట్టుకు ఎదురులేకుండా పోయింది. 1950లో డ్యూరండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు మరెవరికీ దక్కనివ్వలేదు. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57లో, 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. రాష్ట్రాలు కలిసి పేరు ఆంధ్ర పోలీస్‌గా మారాక 1961లో డ్యూరండ్ మళ్ళీ దక్కింది. ఈ గెలుపుల వెనక ఉన్నది నెలజీతం. పేదింటి కుర్రాడు ఫుట్‌బాల్ ఆడితే ఇంటికి అన్నం వస్తుందన్న నమ్మకం దాని వల్లే కలిగింది. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం సంగతి చూడండి. శిక్షణకు రోజూ రావడానికి దారి ఖర్చు కూడా ఇంట్లో పుట్టని స్థితి. సైకిలు అద్దెకు కావలసిన డబ్బు రహీం సాబ్ ఏర్పాటు చేశారని బలరాం తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద భారత్ చేసిన గోల్స్ అతనివే. సైకిలు అద్దె దగ్గర ఆగిపోయిన కుర్రాళ్ళు ఎన్ని ఊళ్ళలో ఎంతమంది ఉండి ఉంటారో ఊహించుకోవచ్చు. అమ్ముగూడ కుర్రాడి అవస్థ చూసిన మనిషి సంఘం కార్యదర్శి కూడా కావడం వల్ల ఆ సమస్య తీరింది.

జాతీయ జట్టు కథలోకి వస్తే, 1951లో ఢిల్లీ ఫైనల్లో సాహు మేవాలాల్ కొట్టిన గోల్‌తో ఇరాన్ మీద 1-0తో గెలిచారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ చలిలో మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. అదే సమయంలో ప్రపంచంలో ఆట మారిపోతోంది. 1953లో హంగరీ వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి, ఎదుటి డిఫెండర్ ఎవరిని కాచుకోవాలో తెలియకుండా చేయడం ఆ జట్టు రహస్యం. రహీం ఆ పద్ధతిని మెల్‌బోర్న్ జట్టుకు నేర్పారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం లాంటి హైదరాబాదీలు ఆ బృందంలో ఉన్నారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డ మీద 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరిన ఆ జట్టు, యుగోస్లావియా మీద మొదటి గోల్ తానే కొట్టి చివరకు 4-1తో ఓడింది. నాలుగేళ్ళ కిందట 10-1తో ఓడించిన దేశమే అది. తేడా ఎంత తగ్గిందో చూడాలి.

జకార్తా దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే పంతులు పద్ధతి పోటీ మధ్యలో ఎలా పనిచేస్తుందో అక్కడ తెలుస్తుంది. 1962లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీస్‌కు చేరారు. ఈలోగా వెన్నెముక లాంటి డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్ పని వచ్చే బంతులను తలతో ఎదుర్కోవడం. కుట్లు ఉన్న తలతో అది సాగదు. రహీం అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టకుండా ముందుకు, సెంటర్ ఫార్వర్డ్ చోటికి పంపారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన సెమీఫైనల్లో అతను ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండొనేసియా వీసాలు ఇవ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధి తప్పుపట్టారన్న కోపంతో స్టేడియమంతా మనవాళ్ళకు వ్యతిరేకంగా హోరెత్తింది. జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్‌ను రహీం ఆ రోజు మళ్ళీ గోల్‌లో నిలబెట్టారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిరిగిచ్చింది, 2-1తో స్వర్ణం మనది. ఈ మార్పుల్లో గారడీ ఏమీ లేదు. ఎవరికి ఏం వచ్చు, ఎవరికి ఏం రాదు, ఎవరు ఏ పని నేర్చుకోగలరు అన్నది ఏళ్ళ తరబడి రాసుకున్న మనిషికి మాత్రమే సాధ్యమైన మార్పులు అవి. అప్పటికే రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరి ఉంది. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ఆ కాలంలో పోటీ పలచన అన్నది. 1951 ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ ఆడినవి ఆరు జట్లే. 1956 ఒలింపిక్స్‌లో పదకొండే, పైగా హంగరీ రాకపోవడంతో మనకు తొలి రౌండు ఆడకుండానే కలిసొచ్చింది, గెలిచిన మ్యాచ్ ఒక్కటే. ఇవన్నీ నిజాలు, దాచాల్సిన పని లేదు. కానీ ఈ వాదన పతకాల విలువను తగ్గించగలదే గాని శిక్షణ విలువను కాదు. శిక్షణను కొలవాలంటే గట్టి జట్లతో ఎలా ఆడారో చూడాలి. 1960 రోమ్‌లో ఏ పతకమూ రాలేదు. అయినా ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హంగరీ చేతిలో 1-2తో మాత్రమే ఓడారు, ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచారు. నా దృష్టిలో రహీం జట్ల అసలు ఎత్తు రోమ్‌లోనే కనిపించింది. అదృష్టం కలిసిరాని చోట కూడా ఆట నిలబడింది. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించనే లేదు.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. ఇదంతా ఒక్క మనిషి గొప్పదనం కాదా, ఆయన పోగానే అంతా కూలిపోయింది కదా అంటారు. 2024లో అజయ్ దేవ్‌గణ్ రహీంగా నటించిన 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకు ఈ అభిప్రాయం మరింత బలపడి ఉంటుంది. సినిమాకు కథానాయకుడు కావాలి, చరిత్రకు ఆ అవసరం లేదు. రహీం చనిపోయిన తర్వాతి సంవత్సరం, 1964లో, భారత్ ఆసియా కప్‌లో రెండో స్థానంలో నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చింది, ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాద్ వాడు, ముందువరుసలో చెమటోడ్చిన మహమ్మద్ హబీబ్ హైదరాబాద్ వాడు. మాస్టారు పోయి ఏడేళ్ళయినా ఆయన ఊరి కుర్రాళ్ళు పతకం తెస్తున్నారంటే విద్య ఆయనతో సమాధి కాలేదనే అర్థం. ఆయన చేతికింద ఆడిన పి.కె. బెనర్జీ తర్వాత కోల్‌కతాలో పేరుమోసిన కోచ్ అయ్యారు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చారు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ జట్టు సభ్యుడు. వాయుసేనలో పనిచేస్తూ అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, కోచింగూ చేశారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. హబీబ్ ఆట మానాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు నేర్పారు. హైదరాబాద్‌కే చెందిన షబ్బీర్ అలీ 1974లో ఆసియా యువజన టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్న జట్టుకు కెప్టెన్. కోచ్‌గా మారి 1998-99లో గోవా సాల్గావ్‌కర్ జట్టును జాతీయ లీగ్ విజేతగా నిలిపారు. ఇంతమంది ఆటగాళ్ళు ఒక ఊరి నుంచి గురువులుగా మారడం యాదృచ్ఛికం అనుకోలేం.

వీళ్ళలో నయీముద్దీన్‌ను విడిగా చూడాలి. ఆటగాడు కోచ్‌గా మారితే ఆ వృత్తి ఎంత దూరం పోగలదో ఆయన జీవితం చెబుతుంది. 1944లో పుట్టారు, సిటీ పోలీస్ జట్టులో ఎదిగారు, 1966లో కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు, తర్వాత మోహన్ బగాన్‌కూ మహమ్మడన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. 1970లో ఆటగాడిగా అర్జున అందుకున్నారు. సరిగ్గా ఇరవై ఏళ్ళకు, 1990లో, కోచ్‌గా ద్రోణాచార్య అందుకున్నారు. ఆ ఏడాదే ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరండ్, రోవర్స్ కప్పులు మూడూ ఒకే సీజన్లో గెలిచింది. జాతీయ జట్టు కోచ్‌గా 1997లో కాఠ్మండూలో, 2005లో కరాచీలో దక్షిణాసియా టైటిళ్ళు సాధించారు. బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. ఆయన క్రమశిక్షణ గురించి ఆటగాళ్ళలో భయమూ ఉంది, గౌరవమూ ఉంది. తిండి, నిద్ర, ఒళ్ళు, వేళ అన్నీ లెక్క ప్రకారం జరగాలంటారు. పెద్ద పేరున్న ఆటగాడికీ మినహాయింపు ఉండదు. దక్షిణాసియా టైటిల్‌ను ఆసియా స్వర్ణం పక్కన పెట్టలేం, ఆ తేడాను ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ తేడాకు కారణం నయీంకు విద్య తక్కువై కాదు. రహీంకు జాతీయ శిబిరానికి వచ్చే కుర్రాడి చేత పదేళ్ళ ముందు ఎడమకాలి పోటీ ఆడించిన అవకాశం ఉంది. నయీంకు ఎదురైన కుర్రాళ్ళు ఇరవై ఏళ్ళు దాటాక, అలవాట్లన్నీ స్థిరపడ్డాక చేతికొచ్చారు. అందులో ఎంత దిద్దగలరో అంతా దిద్దారు.

అంటే గొలుసు తెగింది కింది కొస దగ్గర. పై కొస, అంటే కోచ్‌లు, చాలాకాలం బాగానే ఉంది. హైదరాబాద్ ఆటగాళ్ళను కోల్‌కతా క్లబ్బులు మంచి డబ్బిచ్చి తీసుకుపోవడం 1950ల్లోనే మొదలైంది. బలరాం కూడా 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. అది నష్టమే అయినా ప్రాణాంతకం కాదు, కింద నుంచి కొత్తవాళ్ళు వస్తున్నంతకాలం ఖాళీ నిండుతుంది. బడుల మధ్య పోటీలు సన్నగిల్లి, మైదానాలు కట్టడాల కిందికి పోయి, పోలీసు ఉద్యోగానికీ ఆటకూ ఉన్న ముడి వదులయ్యాకే ఖాళీ నిండడం ఆగిపోయింది. ఆ పాత ఏర్పాటు అధికారుల దయ మీద నడిచిందని, అలాంటిది నేటి కాలంలో కుదరదని కొందరంటారు. దయ పాలు ఉండవచ్చు, కానీ ఉద్యోగం ఇవ్వడం దయ కాదు, ఒక ఒప్పందం. క్రీడాకారుల కోటా ఇప్పటికీ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉంది. కింద ఆడించేవాడు లేకపోతే ఆ కోటాకు చేరేవాడూ ఉండడు. డబ్బు ఒక్కటే సమస్యను తీర్చదనడానికి దగ్గరి రుజువు ఇండియన్ సూపర్ లీగ్. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ ఆధ్వర్యంలో 2021-22 టైటిల్ గెలిచింది. ఆ గెలుపు నిజమైనదే, ఆ కోచ్ గొప్పవాడే. కానీ దానికి కింద హైదరాబాద్ బడులతో అల్లుకున్న వేళ్ళు లేవు. ఆర్థిక ఇబ్బందులు రాగానే, 2025లో, ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. సిటీ పోలీస్ జట్టుకు అలా తరలిపోయే వీలు ఎన్నడూ లేదు, దాని ఆటగాళ్ళు ఆ వీధుల్లోనే పుట్టారు.

చివరిగా మన వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది. నిజాం రాజ్యంలో మొలిచిన నగరం ఆటతో చిత్తూరు, తిరుపతి పల్లెలకేం పని, కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆడుకునే పిల్లలను ఫుట్‌బాల్‌కు ఎందుకు లాగాలి అని. నిజమే, 1950లో సిటీ పోలీస్ డ్యూరండ్ గెలిచినప్పుడు వడమాలపేట వేరే రాష్ట్రంలో ఉంది. ఆ గెలుపు మనదని చెప్పుకునే హక్కు 1956 తర్వాత వచ్చింది, 2014లో పోయింది. కానీ ఆ గెలుపు వెనక ఉన్న పద్ధతికి సరిహద్దు లేదు. అది ఫుట్‌బాల్‌కే పరిమితమైనదీ కాదు. ఎడమ చేత్తోనే సర్వీసు చేయాలన్న వాలీబాల్ పోటీని ఏ డ్రిల్లు మాస్టారైనా పెట్టుకోవచ్చు. రాయలసీమ నేల ఫుట్‌బాల్‌కు పనికిరాదన్న మాటకు అనంతపురమే జవాబు. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ సంస్థ అక్కడ క్రీడాగ్రామం కట్టి, పల్లె పిల్లలకు, ఆడపిల్లలకు సైతం, ఫుట్‌బాల్ నేర్పుతోంది. వానలు తక్కువైన ఆ ఎర్రనేల మీద సాధ్యమైంది స్వర్ణముఖి పరిసరాల్లో సాధ్యం కాకపోవడానికి కారణం కనిపించదు. అయితే అనంతపురం ఒక పెద్ద సంస్థ అండతో నడుస్తోంది, ప్రతి మండలానికీ అలాంటి అండ దొరకదు. అక్కడే రహీం సాబ్ ఉదాహరణ ఎక్కువ పనికొస్తుంది. ఆయన ఖరీదైన సామగ్రితో మొదలుపెట్టలేదు. ఎడమకాలి పోటీకి రెండు బంతులు, సున్నంతో గీసిన గీతలు, నియమం తప్పినప్పుడు ఈల వేసే మాస్టారు ఉంటే సరిపోతుంది. వడమాలపేట, పుత్తూరు, రేణిగుంట బడులు ఒక ఏడాదిలో పెట్టుకోగలిగిన పోటీ అది. కష్టమైన భాగం ఆ తర్వాత వస్తుంది. అందులో గెలిచిన కుర్రాడు పదో తరగతి దాటాక ఏ జట్టుకు ఆడాలి, ఏ మైదానానికి పోవాలి, బస్సు ఛార్జీ ఎవరిస్తారు అన్నవి తేల్చడానికి ఏటా తప్పకుండా నడిచే జిల్లా లీగు కావాలి. రహీం ఇరవై ఏళ్ళు కార్యదర్శి కుర్చీలో కూర్చుని, తేదీలు తప్పకుండా నడుపుకొచ్చింది అలాంటి లీగునే.